ఏడో నంబరు ఉత్తర్వు: బండి జారదు

దేవరమెట్ట నుంచి ముసిరిగుడకు ఎక్కే ఘాట్ రోడ్డు మీద ఇరవై రెండు మలుపులున్నాయి. వాటిని పై నుంచి లెక్కపెడతారు. జీపు డ్రైవరు తవిటినాయుడు ఇరవై రెండేళ్లుగా ఆ రోడ్డు మీదే ఉన్నాడు. ఏడాదికో మలుపు నేర్చుకున్నానని సరదాగా అంటాడు గాని, పదహారో మలుపు మాత్రం అతనికి ఇంకా పూర్తిగా రాలేదు. అక్కడ కొండ అడ్డం నిలబడి పొద్దున పది దాకా ఎండను రానివ్వదు. రాలిన ఆకులు, రాత్రంతా పట్టిన తేమ, లారీలు కార్చిన నూనె కలిసి తారు మీద పల్చటి పొర కడతాయి. అది కంటికి ఆనదు, చక్రానికే తెలుస్తుంది. అక్కడికి రాగానే తవిటినాయుడు మాట ఆపేసేవాడు. గేరు తగ్గించి, బ్రేకు మీద కాలు ఉందా లేదా అన్నట్టు ఉంచి, బాలింతను మంచం దింపినట్టు బండిని దింపేవాడు. ఇన్నేళ్లలో ఒక్క ప్రాణిని కింద పడెయ్యలేదు. ఒకసారి ఒక కోడి మాత్రం కిటికీలోంచి తనంతట తానే దూకింది.

అతని బతుకు అలాగే సుఖంగా సాగిపోవలసింది. కాని ఆ జనవరిలో ఒక పొద్దున ముసిరిగుడ బడి రేకుల కప్పు మీద గోరంత మందాన తెల్లటి పొర గడ్డకట్టింది. ఎవరో ఫోటో తీశారు. మధ్యాహ్నానికల్లా ఆ ఫోటో రాజధాని చేరింది. సాయంత్రం అక్కడొక సమావేశంలో ఒక పెద్దమనిషి, "రేపు మోకాలి లోతున హిమం పడితే మనకున్న సన్నద్ధత ఏమిటి?" అని అడిగారు. ఎవరి దగ్గరా సమాధానం లేదు. సమాధానం లేని ప్రశ్నకు ఒక విభాగం పెట్టడం ఆనవాయితీ కాబట్టి, హిమ సన్నద్ధతా విభాగం పుట్టింది. రేకుల మీది పొర ఏనాడో కరిగి పోయింది. ఆ నీళ్లతో పిల్లలు పలకలు కడుక్కున్నారు.

విభాగానికి డైరెక్టరుగా వేదాంతం చక్రపాణిగారు వచ్చారు. వచ్చీ రాగానే ఆయన, ఏడాదికి ఆరునెలలు గడ్డకట్టుకుపోయే ఒక దేశానికి పదకొండు రోజుల అధ్యయన యాత్ర వెళ్లొచ్చారు. అక్కడ హోటలు కిటికీలోంచి హిమంలో జీపులు పరుగెత్తడం చూశారు. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే జీపులు. వాటికి ప్రత్యేకంగా చేసిన మంచు టైర్లు. మామూలు అధికారిగా వెళ్లిన మనిషి భక్తుడై తిరిగొచ్చారు. ఆయన వెనకే అలాంటి జీపులు నాలుగు వచ్చాయి.

జీపులు వచ్చాయిగాని హిమం రాలేదు. అది వచ్చేదాకా బళ్లు ఊరికే ఉండకూడదని, పొద్దున దేవరమెట్టలో నర్సులను, పంతుళ్లను ఎక్కించుకుని ముసిరిగుడ చేర్చడం, సాయంత్రం మళ్లీ కిందికి దింపడం వాటికి పనిగా పెట్టారు. మొదటి జీపు తవిటినాయుడి చేతికిచ్చారు. అతను దాన్ని చూసి ముచ్చటపడ్డాడు కూడా. ఎక్కడంలో దానికి సాటిలేదు. పాత బండి రొప్పే చోట ఇది నిట్టూర్పైనా విడవకుండా ఎక్కేసేది.

మొదటి వారంలోనే డ్రైవర్లకు అవగాహనా సదస్సు జరిగింది. చక్రపాణిగారు తెల్ల పలక మీద నాలుగు సున్నాలు చుట్టారు.

"ఇవి చక్రములు," అన్నారు. "సాధారణ వాహనమున రెండు చక్రములకే చోదకశక్తి లభించును. తక్కిన రెండును కేవలము అనుచరులు. మన వాహనమున నాలుగును నాయకులే. నలుగురు నాయకులున్న చోట జారుట అను ప్రశ్నయే ఉత్పన్నము కాదు. సందేహములున్నవా?"

వెనక బెంచీలోంచి తవిటినాయుడు లేచాడు.

"సిన్న డౌటు బాబూ. ఎక్కినప్పుడు నాలుగు సెక్రాలూ లాగుతాయి. నిజిమే, కళ్లారా సూసినాను. మరి ఆగడానికో?"

"ఆగుటకేమి?"

"ఆగడానికి ఏ బండికైనా నాలుగు సెక్రాలకీ బ్రేకు ఉంటాది కదా బాబూ. నా పాత జీపుకీ నాలుగే, దీనికీ నాలుగే. దిగినప్పుడు దీనికి కొత్తగా వొచ్చిన బలమేటి?"

విభాగపు ఇంజనీరు దంతులూరి ప్రసాదరాజు డైరెక్టరుగారి చెవి దగ్గరకు వంగి, "ఈ ప్రశ్న సిలబస్‌లో లేదు సార్," అన్నాడు.

"మంచు టైర్లున్నవి కదా!" అన్నారు చక్రపాణిగారు.

"మంచివే బాబూ. సలిదేశంలో మెత్తటి దాని మీద బాగా పట్టుకుంటాయట. గాజులాగ నున్నగా ఉన్నదాని మీద మాత్రం ఏ టైరైనా ఏటి పట్టుకుంటాది? పట్టుకోడానికి అక్కడేటి ఉన్నాది? పైగా మన మెట్టలో ఎండకి ఆ రబ్బరు బూరెల పిండిలాగ మెత్తబడిపోతంది."

చక్రపాణిగారు కోప్పడలేదు. జాలిగా నవ్వారు. "తవిటినాయుడూ, నీది అనుభవము. మాది అధ్యయనము. అనుభవము వెనుకకు చూచును. అధ్యయనము ముందునకు చూచును."

"ఘాట్‌లో కిందకి కూడా సూడాల బాబూ."

డ్రైవర్లు నవ్వారు. ఆ నవ్వుకు జవాబుగా మర్నాడు పొద్దున్నే ఏడో నంబరు ఉత్తర్వు వెలువడింది.

"విభాగపు వాహనములు జారవు. జారినట్లు ఎవరేని తెలిపిన యెడల అట్టి సమాచారము దుష్ప్రచారముగా పరిగణింపబడును."

ఉత్తర్వు చిన్నదే. కాని ఒక చిన్న ఉత్తర్వు బయటికొచ్చాక దాని సంతానాన్ని ఎవరూ ఆపలేరు. బండి జారదు కనుక నిదానంగా వెళ్లడంలో అర్థం లేదు. అప్పుడు ఎంత వేగంగా వెళ్లాలి? ప్రసాదరాజు లెక్క కట్టాడు. మామూలు బండి ఘాట్‌లో గంటకు ఇరవై కిలోమీటర్లు వెళ్తుంది. దాన్ని నడిపేవి రెండు చక్రాలు. అంటే చక్రానికి పది. నాలుగు చక్రాలకు నలభై. ఫైలు డైరెక్టరుగారి దగ్గరకు వెళ్లింది. ఆయన దాన్ని రెండు రోజులు ఉంచుకుని, మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక ప్రశ్న రాశారు: "స్టెప్నీకి తగిలించినది కూడ మంచు టైరే కదా? దాని సామర్థ్యమును వృథాపుచ్చుట ఎందులకు?"

బండి వెనక వేలాడే ఐదో చక్రాన్ని కూడా కలిపారు. యాభై అయింది. అదీ గరిష్ఠ వేగం కాదు, కనీస వేగం. దానికి తగ్గితే వాహనాన్ని అవమానించినట్టు. ఎవరు ఎంత వేగంలో వెళ్లారో రాసుకునే ఒక యంత్రాన్ని ప్రతి జీపులో బిగించాలని తీర్మానించారు. తగ్గితే సంజాయిషీ, మళ్లీ తగ్గితే తొలగింపు.

తర్వాత లోయ అంచున సున్నం కొట్టి వరసగా పాతిన రాళ్ల వంతు వచ్చింది. "ఈ శిలలు మన వాహనములపై అవిశ్వాసమును బహిరంగముగా ప్రకటించుచున్నవి," అని చక్రపాణిగారు బాధపడ్డారు. ముందుగా పదహారో మలుపు దగ్గరివి పీకించారు. ఎందుకంటే రాజధాని నుంచి ముఖ్య అతిథి వచ్చే శనివారం ఆ మలుపులోనే ప్రదర్శన పెట్టారు. ప్రదర్శన అయ్యాక సోమవారం నుంచి యాభై అమలు.

గురువారం సాయంత్రం కొండ దిగుతూ తవిటినాయుడు పదకొండో మలుపులో బండి ఆపాడు. అక్కడ వంతల చిలకమ్మ టీ బడ్డీ ఉంది. వెనక కూర్చున్న పదకొండు మందీ దిగారు. చిలకమ్మ అల్లం దంచి, ఎప్పటిలాగే అతని గ్లాసు ముందు నింపింది.

"ఏటి నాయుడన్నా, మొకం అలా ఏలాడేసినావు?"

"సోమారం నుంచి యాభైలో దిగాలట."

"యాభైలోనా? అయితే నా బడ్డీకాడ ఆగాలంటే పైన తొమ్మిదో మలుపులోనే బ్రేకు తొక్కాల. టీ నాను ఇసిరి పొయ్యాల, నువ్వు నోరు తెరుసుకోని ఎల్లిపోవాల."

అందరూ నవ్వారు. ముసిరిగుడ ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సు సుభద్ర మాత్రం నవ్వలేదు. "చెయ్యనని చెప్పెయ్యండి నాయుడుగారూ," అంది. "ఏం చేస్తారు మిమ్మల్ని?"

"తీసేత్తారమ్మా. తీసేత్తే ఇంటికి పోతాను, ఉన్న మూడు మళ్లు దున్నుకుంటాను. దానికి బెంగ లేదు. కానీ నాను దిగిపోతే బండి ఆగిపోదు కదా. కిందనుంచి ఎవులో ఒక కొత్తోడిని తెచ్చి కూకోబెడతారు. ఆడికి ఉజ్జోగం కావాల. యాభై అంటే యాభైలో తోల్తాడు. ఆ మలుపు ఆడికేటి తెలుసు? ఎనక మీరు పదకొండు మంది ఉంటారు."

సుభద్ర ఒళ్లోని టీకాల పెట్టెను కొంచెం దగ్గరకు లాక్కుంది. తవిటినాయుడు గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఉండిపోయాడు. చలిలో వేడి గ్లాసు ఒక ఆదరువు. అది ఉన్నంతసేపు మనిషికి ఏదో ఒక దారి తోస్తుందనిపిస్తుంది.

అంతలో కింద నుంచి ఒక లారీ మూలుగుతూ ఎక్కి వచ్చింది. దాని మీద ఒక కాకుల గుంపు, వెనక దూరంగా నాలుగు పిల్లులు. చిలకమ్మ ముక్కు ఎగబీల్చింది.

"సేపల లారీ కొండెక్కుతందేటి?"

లారీ ముందు సీట్లోంచి ప్రసాదరాజు దిగాడు. జేబురుమాలు ముక్కుకు కట్టుకున్నాడు. విషయం ఏమిటంటే, హిమం లేకుండా హిమ ప్రదర్శన జరగదు. అందుకని విశాఖ చేపల రేవు నుంచి ఐసు దిమ్మలు తెప్పించారు. వాటిని అందాకా పైన ముసిరిగుడ చలిలో దాచి, శనివారం పొద్దున చితక్కొట్టి పదహారో మలుపంతా పరుస్తారు.

"దాని మీద యాభైలో దిగాలా బాబూ?" అన్నాడు తవిటినాయుడు.

"దిగాలి. దిగితేనే కదా నమ్మకం కుదిరేది."

తవిటినాయుడు గ్లాసు కింద పెట్టాడు. కాసేపు రోడ్డు వైపు చూశాడు.

"బాబూ, ఆ మలుపు కాడ రాళ్లు తీసేసినాక బోసిగా ఉన్నాది. ముఖ్య అతిథి వొత్తన్నారు. కాఫీ పొట్టు బస్తాలు వరసగా పేర్పించి బంతిపూలు సుట్టితే ముచ్చటగా ఉంటాది. నాను సూసుకుంటాను."

ప్రసాదరాజు ముఖం వెలిగింది. "వేదికాలంకరణ! మంచి ఆలోచన. ఎన్ని బస్తాలు?"

"రెండొందలైతే బాగుంటాది బాబూ. నాలుగు వరసలు."

"అలంకరణకు నాలుగు వరసలెందుకు?"

"దూరం నుంచి కూడా అవుపించాలి కదా బాబూ."

శుక్రవారమంతా చిలకమ్మ వాళ్ల ఊరివాళ్లు బస్తాలు మోశారు. ఒక్కో బస్తా మెత్తగా, పరుపులా ఉంది. తవిటినాయుడు ప్రతి దాన్నీ భుజంతో నెట్టి చూసుకున్నాడు. పొద్దుపోయే వేళకు లోయ అంచు పెళ్లిపందిరిలా తయారైంది.

శనివారం ఎండ పది నిమిషాలు ముందే వచ్చింది. మలుపు మీద పరిచిన ఐసు తళతళలాడింది. కరగడం మొదలుపెట్టాక రేవు వాసన కొండంతా నిండిపోయింది. కాకులు కొమ్మల మీద, పిల్లులు రోడ్డు వార, గద్దలు ఆకాశంలో ఎవరి చోట్లో వాళ్లు సర్దుకున్నారు. ముఖ్య అతిథి జేబురుమాలు తీశారు.

"హిమాలయములలో కూడ ఇట్లే ఉండునా?" అని అడిగారు.

"అక్కడ ఇంకా ఘాటు సార్," అన్నాడు ప్రసాదరాజు.

మలుపుకు ఎగువన జీపు నిలబడి ఉంది. చక్రపాణిగారు వచ్చి, "సిద్ధమేనా తవిటినాయుడూ?" అన్నారు.

"సిద్ధమే బాబూ. ఒక్క మనవి. ఇలాంటి బండి హిమంలో పరిగెత్తడం సూసిన కళ్లు ఈ జిల్లాలో మీ రెండే. మీ సేత్తో తోలితే ఆ పెద్దసారు జన్మలో మరిసిపోరు. నాను ఎనక కూకుంటాను."

చక్రపాణిగారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆయనకు కారు నడపడం వచ్చు, ప్రతి ఆదివారం కూరగాయలకు వెళ్లొస్తారు. పైగా ఉత్తర్వు మీద సంతకం చేసిన మనిషి ఉత్తర్వును అనుమానించినట్టు కనిపించకూడదు. ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. ప్రసాదరాజు పక్కన కూర్చోక తప్పలేదు.

ఈ జీపుల్లో మామూలు గేరు పక్కన ఇంకొక మీట ఉంటుంది. బురదలో కూరుకుపోయిన బండిని లాగడానికది. దాన్ని వేస్తే బలం పెరిగి వేగం చచ్చిపోతుంది. ఇంజను సింహంలా అరుస్తుంది, బండి ఎడ్లబండిలా నడుస్తుంది. తవిటినాయుడు అద్దం తుడుస్తున్నట్టు వంగి ఆ మీటను ముందే లాగి ఉంచాడు. వేగం చూపించే ముల్లు ముందు లావుపాటి బంతిపూల దండ వేలాడదీశాడు. ఆ తర్వాత వెనక్కి వెళ్లి కూర్చుని, ఇష్టదైవాన్నీ పదహారో మలుపునూ కలిపి ఒకే దణ్ణం పెట్టుకున్నాడు.

జీపు కదిలింది. ఇంజను గర్జించింది.

"యాబది దాటినట్లున్నదే!" అని అరిచారు చక్రపాణిగారు.

"దాటేసింది సార్!" అన్నాడు ప్రసాదరాజు, కళ్లు గట్టిగా మూసుకుని.

రోడ్డు వార ఒక పిల్లి వాళ్లతో సమానంగా తేలిగ్గా పరుగెడుతూ వస్తోంది. నిజానికి బండి వేగం పద్దెనిమిది కూడా లేదు.

ఐసు వచ్చింది. చక్రపాణిగారు బ్రేకు తొక్కి స్టీరింగు కుడికి తిప్పారు. ముందు చక్రాలు చెప్పినట్టే కుడికి తిరిగాయి. బండి మాత్రం తిన్నగా వెళ్లింది. నలుగురు నాయకులూ ఒకే మాట మీద ఉన్నా, కింద పట్టు దొరకనప్పుడు ఆ మాటకు విలువ లేకుండా పోయింది. జీపు తొందరేమీ లేకుండా సగం చుట్టు తిరిగి, ముఖ్య అతిథి వైపు ముఖం పెట్టి నమస్కరించినట్టు ఒకసారి వంగి, వెనక్కి వెనక్కి వెళ్లి బంతిపూల బస్తాల్లో కూర్చుంది.

నాలుగు బస్తాలు పగిలాయి. పొట్టు గాల్లోకి లేచి అందరి మీదా మెల్లగా రాలింది. ఆ రోజు ముసిరిగుడ ఘాట్‌లో కురిసింది అదొక్కటే. రెండు బస్తాలు అంచు దాటి లోయలోకి దొర్లాయి. అవి అడుగు చేరిన చప్పుడు పైకి వినిపించడానికి చాలాసేపు పట్టింది. జీపులో చక్రపాణిగారు స్టీరింగును వదల్లేదు.

అప్పుడు ముఖ్య అతిథి చప్పట్లు కొట్టారు. అది కార్యక్రమంలో భాగమే అనుకున్నారాయన. "ఎంత మెత్తగా ఆగినది!" అని మెచ్చుకుని, వాసన భరించలేక వెంటనే కారెక్కారు.

అంతటితో పోయేదే. కాని బస్తాల్లో కూర్చున్న జీపు బొమ్మ మర్నాడు పత్రికలో పడింది. కింద "జారిన జీపు" అని రాశారు. ఏడో నంబరు ఉత్తర్వు ఉండగా అలాంటి సంగతి జరగడానికి వీల్లేదు. కనుక ఆదివారమని కూడా చూడకుండా విచారణ కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు ప్రసాదరాజు. చెవిలో ఇంకా పొట్టు ఉంది.

తవిటినాయుడిని పిలిపించి బల్ల ముందు నిలబెట్టాడు.

"కమిటీ అన్ని కోణాలూ పరిశీలించింది. వాహనం జారలేదు. ఉత్తర్వు ప్రకారం జారడం అసాధ్యం. మంచు వల్ల అనుకుందామా, మంచు మీద నడవడానికే ఆ టైర్లు తెప్పించాం, ధ్రువపత్రం ఉంది. పోనీ డ్రైవరు పొరపాటా? కాదు."

"డ్రైవరెవులు బాబూ?"

"అందుకే కాదు అన్నాను."

"మరేటి మిగిలింది?"

"రోడ్డు," అన్నాడు ప్రసాదరాజు. అతని కళ్లలో రాత్రంతా వెతికిన వస్తువు దొరికిన సంతోషం ఉంది. "రోడ్డు కదిలింది. మన బండి క్రమశిక్షణతో తిన్నగా పోతోంది. రోడ్డు తన స్థానం వదిలి కుడి పక్కకు తప్పుకుంది. పైగా అది మన విభాగానిది కాదు. వేరే శాఖ వాళ్లది. ఇక ప్రత్యక్ష సాక్షి ఒకడు కావాలి. నువ్వు వెనక కూర్చున్నావు. కదలడం చూశావా లేదా?"

తవిటినాయుడు కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. ఇరవై రెండేళ్లు అన్నం పెట్టిన రోడ్డది. దాని మీద నింద వెయ్యాలంటే పక్కింటి మనిషి మీద దొంగతనం మోపినట్టుంది.

"బండే జారిందని రాత్తే ఏటవుతాది బాబూ?"

"ఉత్తర్వు తప్పవుతుంది. ఉత్తర్వు తప్పు కాదు. కాబట్టి నీ సాక్ష్యం తప్పవుతుంది. నిన్ను తీసేస్తాం. రేపటి నుంచి కొత్త డ్రైవరు, యాభై."

"రోడ్డు కదిలిందని రాత్తే?"

"నువ్వే డ్రైవరువి. రేపటి నుంచి యాభై."

ఎటు తిప్పినా యాభై. తవిటినాయుడికి రేపు సాయంత్రం బండి వెనక కూర్చోబోయే పదకొండు ముఖాలూ ఒక్కొక్కటిగా కనిపించాయి. లోయలోకి దొర్లిన బస్తాల చప్పుడు మళ్లీ వినిపించింది. కిటికీ బయట ఎండలో నాలుగు జీపులూ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. పాపం, వాటి తప్పు ఏముంది? చెయ్యగలిగినంతా చేస్తున్నాయి. చెయ్యలేనిది కూడా చేస్తాయని కాగితం మీద రాసింది మనుషులు. కాగితాన్ని కాదనడానికి ఈ గదిలో ఎవరికీ వీల్లేదు. అయితే దాన్ని కాదనకుండా పక్కనుంచి పోవచ్చేమో. ఎదురుగా గేదె అడ్డం పడుకుంటే కొమ్ములు పట్టుకుని లాగుతామా? కొంచెం చుట్టు తిరిగి పోతాం.

"బాబూ," అన్నాడు మెల్లగా, "ఒకసారి కదిలిన రోడ్డు మళ్లీ కదలదని నమ్మకమేటి?"

ప్రసాదరాజు కలం ఆగింది.

"మన బండి సంగతి కాదు బాబూ. మన బండి యాభైలోనేటి, అరవైలోనైనా దిగుద్ది. దానికి డోకా లేదు. ఆ రోడ్డునే నమ్మలేం. మనం జోరుగా పోతన్నప్పుడు అది పక్కకి తప్పుకుందనుకోండి, మన బండి ఎక్కడ దిగుద్ది? అదే నెమ్మదిగా పోతే, అది కదిలినా సూసుకోని ఆగొచ్చు. ఆళ్ల శాఖ రోడ్డు కదా. రేపేటన్నా అయితే మన విభాగం ఎందుకు సూసుకోలేదని అడుగుతారు."

చివరి మాటకు ప్రసాదరాజు కుర్చీలో ముందుకు జరిగాడు. వేరే శాఖ వాళ్ల వల్ల తనకు మాట వస్తుందన్న ఆలోచన ఏ లెక్క కన్నా బలమైనది.

"నిదానంగా అంటే ఎంత?"

"పదిహేను బాబూ. ఆ మలుపులో పది."

"దానికి ప్రాతిపదిక?"

"రోడ్డు కదిలిన వేగం మీరే కట్టండి. సదువుకున్నోరు."

ప్రసాదరాజు కట్టాడు. ఒకటిన్నర పేజీలో సరిగ్గా పదిహేను వచ్చింది. అతనికి తన చదువు మీద మళ్లీ గౌరవం కలిగింది.

"ఇంకో మాట బాబూ. ఆ సున్నం రాళ్లు మళ్లీ పాతించండి."

"వద్దు. వాహనం మీద అవిశ్వాసం అని సార్ అన్నారు కదా."

"వాహనం కోసం కాదు బాబూ. రోడ్డు లోయలోకి కదిలిపోకండా ఆపడానికి."

ప్రసాదరాజు అది కూడా రాసుకున్నాడు. తర్వాత కలం తిప్పి అతని ముందు పెట్టాడు. "ఇప్పుడు చెప్పు. రోడ్డు కదలడం చూశావా?"

"సూసినాను బాబూ. కళ్లారా సూసినాను," అని తవిటినాయుడు సంతకం చేశాడు. ఆ సాయంత్రం ఖాళీ బండి తోలుకుంటూ పదహారో మలుపుకు వెళ్లి దిగాడు. ఐసు కరిగి తారు ఆరిపోయింది. ఒక పిల్లి ఇంకా ఆశ వదల్లేదు. అతను వంగి అరచెయ్యి రోడ్డు మీద పెట్టి, "ఏటీ అనుకోకు," అన్నాడు.

పదకొండో నంబరు ఉత్తర్వు రాత్రికి రాత్రే వచ్చింది. "సదరు రహదారి చలన స్వభావము గలదని తేలినందున, విభాగపు వాహనముల ఘనతకు ఎట్టి భంగమును లేకుండ, కనీస వేగ నిబంధనను నిలిపివేయుచు, గరిష్ఠ వేగము పదునైదుగా నిర్ణయించడమైనది. శిలలను యథాస్థానమున ప్రతిష్ఠించవలెను."

సోమవారం పొద్దున వరసగా రాళ్లు పాతుతుంటే చిలకమ్మ చూడ్డానికి వచ్చింది. "ఇయ్యి ఎందుకు తీసినారు, ఎందుకు పెడతన్నారు?" అని కూలీలను అడిగింది. వాళ్లకూ తెలీదు. సున్నం మాత్రం రెండు పూతలు వేశారు.

ఆ సాయంత్రం జీపు పదకొండు మందితో ముసిరిగుడ నుంచి బయలుదేరింది. సుభద్ర టీకాల పెట్టె ఖాళీ చేసుకుని ప్రశాంతంగా కిటికీ పక్కన కూర్చుంది. పాతిన రాళ్లు తనిఖీ చేసి నడుచుకుంటూ పైదాకా వచ్చిన చక్రపాణిగారు ముందు సీట్లో ఉన్నారు. శనివారం తర్వాత ఆయన బండెక్కడం అదే మొదలు. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి, కళ్లు రోడ్డు మీంచి తియ్యడం లేదు.

పదిహేనో మలుపు దాటింది. కొండ నీడ బండి మీద పడింది. తవిటినాయుడు గేరు తగ్గించాడు.

"తవిటినాయుడూ," అన్నారు చక్రపాణిగారు గొంతు తగ్గించి, "రోడ్డు ఎట్లున్నది?"

"పడుకున్నాది బాబూ. లేపకండా దిగిపోదాం."

"ఎంతలో పోవుచున్నావు?"

"పదిలో బాబూ."

చక్రపాణిగారు లోయ వైపు చూసి, ఇంకా మెల్లగా, ఉత్తర్వుల భాష మరిచిపోయి అన్నారు:

"పది ఎక్కువేమో నాయనా. ఎనిమిదిలో పోనియ్యి."

తవిటినాయుడు ఎనిమిదిలోనే దింపాడు.